స్విఫ్ట్‌లో బకెట్ సీట్లు వేయిద్దామనుకుంటున్నాను: నడుము, బ్రాకెట్, బెల్టు గురించి సలహా కావాలి

బెజవాడ డీజిల్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నాది 2019 స్విఫ్ట్ డీజిల్, జెడ్‌డీఐ. ఇల్లు విజయవాడలో, పని సగం హైదరాబాదులో. అందువల్ల 65వ నంబరు జాతీయ రహదారి మీద రాకపోకలు వారం వారం ఉండేవే. నా ఎత్తు 6 అడుగుల 1 అంగుళం. సూర్యాపేట దాటేసరికి నడుము కింది భాగంలో నొప్పి మొదలై కుడి తొడ వెనక్కి దిగుతుంది. నార్కెట్‌పల్లి దగ్గర ఆగి కాసేపు నడిస్తే గానీ మళ్లీ స్టీరింగ్ ముందు కూర్చోబుద్ధి కాదు. ఎక్స్‌రే తీయించాను. ఎముకల్లో తేడా ఏమీ లేదు, కూర్చునే తీరు సరిచేసుకోమని డాక్టరు గారు చెప్పారు.

ఇంకో సంగతి కూడా ఉంది. నాకు కారు నడపడమంటే చాలా ఇష్టం. దోర్నాల నుంచి శ్రీశైలం ఎక్కే మలుపుల్లో ఒళ్లు పక్కకు జారకుండా కుడి మోకాలిని తలుపుకు ఆనించి పట్టుకోవాల్సి వస్తోంది. అలా పట్టుకున్నంతసేపూ పాదం పెడళ్ల మీద తేలికగా ఆడదు.

ఆటోనగర్‌లో ఒక దుకాణంలో ఎరుపు, నలుపు రంగుల బకెట్ సీట్లు చూశాను. ఫైబర్ డొప్ప, వీపు భాగం వెనక్కి వాలదు. కూర్చుంటే రెండు పక్కలా గట్టిగా పట్టుకుంది, మనసు లాగేసింది. జతకు 40 వేలు అడుగుతున్నారు. పాత సీటు రంధ్రాలకే ఇనుప పట్టీలు వెల్డింగ్ చేసి ఒక పూటలో బిగించి ఇస్తామన్నారు. నాలుగు కొసల రేసింగ్ బెల్టు కూడా పెడతారట. దాని భుజం పట్టీలను వెనక సీటు బెల్టు బోల్టులకు కడతామని చెప్పారు.

ఈ సీటు నా నడుముకు మేలు చేస్తుందా? ఆ వెల్డింగ్ పట్టీలను నమ్మవచ్చా? ఎయిర్‌బ్యాగులకు, ఆర్‌సీకి, బీమాకు చిక్కులు వస్తాయా? మా అమ్మ ముందు సీట్లోనే కూర్చుంటుంది, ఆమెకు మోకాళ్ల నొప్పులు. ఆ సీటు కూడా మార్చాలా? వేయించుకున్నవాళ్లు, ఈ పని తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.


గుంటూరు పోలో

నా పోలోలో డ్రైవరు వైపు మాత్రమే మార్పించాను. ఫైబర్ బకెట్ కాదు, వెనక్కి వాలే రకం స్పోర్ట్స్ సీటు. పట్టు నిజంగా బాగుంది, ఆ విషయంలో నాకు సంతోషమే. కానీ మీరు పొడవు మనిషి కాబట్టి ఒక మాట చెప్పాలి. కొత్త సీటు కింద బ్రాకెట్, దాని మీద స్లైడర్, ఆ మీద సీటు. మూడూ కలిసేసరికి కంపెనీ సీటు కంటే ఎత్తు పెరిగింది. ఎత్తు సర్దుకునే లీవరు పాత సీటుతోనే పోయింది. నేను 5 అడుగుల 7 అంగుళాలు కాబట్టి సరిపోయింది. మీకు తల పైకప్పుకు తగలవచ్చు.

రెగ్జిన్ మాత్రం తీసుకోకండి. మే నెలలో మధ్యాహ్నం ఎండలో నిలిపిన కారు ఎక్కితే వీపు కాలిపోతుంది, తర్వాత గంటసేపు చొక్కా తడిసి అంటుకుపోయి ఉంటుంది. మన ఎండలకు గుడ్డ సీటే మేలు.

అమ్మగారి సీటు జోలికి వెళ్లవద్దు. పక్కల ఎత్తుగా ఉండే సీటులోకి మోకాళ్ల నొప్పులున్న మనిషి దిగలేరు, దిగితే లేవలేరు.


సీట్ల పనివాడు, ఆటోనగర్

తమ్ముడూ, ఇది నా వృత్తి కాబట్టి వివరంగా రాస్తున్నాను. మా నాన్న లారీ క్యాబిన్ సీట్లు కుట్టేవారు. నేను ఆయన దగ్గరే నేర్చుకుని కార్ల వైపు వచ్చాను. మీరు ఏ దుకాణం గురించి అడుగుతున్నారో నాకు తెలియదు, తెలుసుకోనక్కరలేదు కూడా.

ముందు నడుము సంగతి. వీపు వాలని బకెట్ సీటు రేసు కోసం పుట్టింది. అందులో మనిషి ఒక్క భంగిమలో బిగిసిపోయి ఉండాలి, దాని ఉద్దేశమే అది. రేసు తొందరగా ముగుస్తుంది, మీ హైదరాబాదు దారి దాదాపు 275 కిలోమీటర్లు. ఇంత దూరం నడిపే మనిషి మధ్యమధ్యలో వీపును కొంచెం వాల్చుకోవాలి, కొంచెం నిలబెట్టుకోవాలి, తొడల బరువు మార్చుకోవాలి. ఆ డొప్ప ఇవేవీ చేయనివ్వదు. దుకాణంలో కాసేపు కూర్చుంటే హాయిగా ఉంటుంది, నేను కాదనను. నందిగామ దాకా కూడా ఉండవచ్చు.

డబ్బు ఖర్చు పెట్టేముందు ఒక పని చేయండి. కుడి వెనక జేబులో పర్సు పెట్టుకుని నడుపుతున్నారా? నొప్పి కుడి తొడ వెనకే దిగుతోందంటున్నారు కాబట్టి అడుగుతున్నాను. పిరుదు కింద పర్సు ఉంటే తుంటి ఒక పక్కకు ఎత్తుగా నిలుస్తుంది, అక్కడినుంచి దిగే నరం నలుగుతుంది. తీసి డ్యాష్‌బోర్డు అరలో పెట్టండి. తర్వాత సీటును సరిచేసుకోండి. పిరుదులు వీపు భాగానికి పూర్తిగా ఆనాలి. క్లచ్ పూర్తిగా తొక్కినప్పుడు కూడా మోకాలు కొంచెం వంగి ఉండాలి. భుజాలు సీటు వదలకుండా చేయి చాపితే మణికట్టు స్టీరింగ్ పైభాగానికి అందాలి. పొడవు మనుషులు చాలామంది కాళ్ల కోసం సీటును వెనక్కి నెట్టి, చేతులు అందక ముందుకు వంగి నడుపుతుంటారు. అక్కడే నడుము పట్టు వదిలేస్తుంది. మీ కారు స్టీరింగ్ పైకీ కిందికీ మాత్రమే కదులుతుంది, దగ్గరికి రాదు. కాబట్టి వీపును కొంచెం నిటారుగా తెచ్చుకోవడమే దారి.

ఇప్పుడు అసలు విషయం, వెల్డింగ్ పట్టీలు. కొనేవాళ్లందరూ సీటు పైభాగాన్నే చూస్తారు. నేను కిందికి చూస్తాను. ముందు సీటు నాలుగు బోల్టులు దిగే చోట కంపెనీవాళ్లు అడుగున బలమైన అడ్డుదిమ్మెలు వేసి, వాటికి నట్లు అతికించి ఉంచుతారు. మిగతా ఫ్లోరు అంతా పలుచని రేకు, మందం మిల్లీమీటరు దరిదాపుల్లో ఉంటుంది. కొత్త సీటు కాళ్ల వెడల్పు పాత రంధ్రాలకు కలవనప్పుడు కొందరు పనివాళ్లు ఆ రేకుకే కొత్త రంధ్రం వేసి, కింద చిన్న వాషరు పెట్టి బిగించేస్తారు. మామూలుగా తిరిగినంతకాలం ఏమీ కాదు, నెలల తరబడి కాదు. గుద్దుకున్న రోజు ఆ వాషరు రేకును చించుకుని పైకి వస్తుంది, సీటూ మనిషీ కలిసి స్టీరింగ్ మీదికి వెళ్తారు. ఇలా చిరిగిన ఫ్లోర్లు మా పక్క షెడ్డుకు మరమ్మతుకు వస్తుంటాయి. వాటిని చూశాక ఎవరు ఎంత డబ్బిస్తానన్నా రేకుకు రంధ్రం వేసి సీటు బిగించను.

పాత రంధ్రాలకే బిగిస్తామన్నారు కాబట్టి ఆ ప్రమాదం తప్పవచ్చు. కానీ ఆ పట్టీ ఏమిటి? గేటుకు వాడే పలుచని ఇనుప పట్టీని వంచి, పైపైన వెల్డింగ్ చుక్కలు పెట్టి, నల్ల రంగు కొడితే చూడటానికి అన్నీ ఒకలాగే ఉంటాయి. రంగు వేయకముందు చూపించమనండి. వెల్డింగ్ అంచు పొడవునా తెగకుండా సాగిందా, పట్టీ వంచిన చోట పగులు ఉందా చూడండి. బోల్టు తల మీద 8.8 లేదా 10.9 అంకె ఉండాలి. ఏ అంకె లేని బోల్టు ఫర్నిచరు పనికి వాడేది. ఫలానా కారు, ఫలానా సంవత్సరం అని చెప్పి అమ్మే తయారీ బ్రాకెట్ దొరికితేనే కొత్త సీటు గురించి ఆలోచించండి. ముందు బ్రాకెట్ వెతకాలి, ఆ తర్వాతే సీటు. అందరూ తలకిందులుగా చేస్తారు.

ఇంకొకటి, ఇది దుకాణంలో మీకెవరూ చెప్పి ఉండరు. సీటు పక్కన చేయి పెట్టి బెల్టు బకిల్ ఎక్కడ బిగించి ఉందో చూడండి. ఇప్పటి కార్లలో ఎక్కువగా అది సీటు చట్రానికే ఉంటుంది, సీటుతో పాటు ముందుకూ వెనక్కీ కదులుతుంది. పాత సీటు తీస్తే బకిల్ కూడా పోతుంది. దాన్ని కొత్త పట్టీకి ఎక్కడో ఒకచోట తగిలిస్తారు. ఎత్తు మారినా, కోణం మారినా నడుము బెల్టు తుంటి ఎముక మీద నుంచి జారి పొట్ట మీదికి వస్తుంది. గుద్దుకున్నప్పుడు తుంటి ఎముక ఆ బరువు తట్టుకుంటుంది, పేగులు తట్టుకోలేవు. బకిల్ నుంచి వచ్చే వైరు కూడా ఉంటుంది. దాన్ని కలపకపోతే బెల్టు హెచ్చరిక మోత ఆగదు, లేదా అసలు మోగదు.

ఇక నా సలహా. మీ చట్రం, పట్టాలు, బకిల్, నాలుగు బోల్టులు కంపెనీవి కంపెనీవిగానే ఉంచండి. ఫోమ్ మార్పించండి. మీ 2019 స్విఫ్ట్‌లో ఎయిర్‌బ్యాగులు రెండే, స్టీరింగ్‌లో ఒకటి, డ్యాష్‌బోర్డులో ఒకటి. సీటు వీపులో ఏమీ లేదు, అందుకే ఈ పని ధైర్యంగా చెబుతున్నాను. పాత కవరు విప్పి, నడుము దగ్గర కుంగిపోయిన భాగం తీసేసి గట్టి ఫోమ్ అతికించాలి. వీపు పక్కలను, తొడల పక్కలను లేపాలి. మీ పొడవుకు తొడ కింద ఆధారం చాలదు, సీటు ముందు అంచును మోకాలి వెనక రెండు మూడు వేళ్లు పట్టే ఖాళీ మిగిలేలా సాగదీయాలి. సోఫాకు వాడే రీబాండెడ్ ఫోమ్ వద్దు, ఒక వేసవికే గట్టిపడి గడ్డలు కడుతుంది. కూర్చునే భాగానికి 50 సాంద్రత ఫోమ్, పక్కలకు అంతకంటే గట్టిది అడగండి. పనివాడు మిమ్మల్ని కవరు లేని ఫోమ్ మీద కూర్చోబెట్టి, చూసి, చెక్కి, మళ్లీ కూర్చోబెట్టాలి. కొలత కాగితం మీద రాసుకుని సాయంత్రం రమ్మనేవాడికి ఇవ్వకండి. దర్జీ జాకెట్టు కుట్టినట్టు ఒంటిని చూసి చేయాల్సిన పని ఇది.

2024 మేలో వచ్చిన కొత్త స్విఫ్ట్ ఉన్నవాళ్లు ఈ సలహా పాటించవద్దు. దానిలో ఆరు ఎయిర్‌బ్యాగులు, పక్క ఎయిర్‌బ్యాగు ముందు సీటు వీపు అంచులోనే ఉంటుంది. ఆ కుట్టు చీల్చుకుని బయటికి రావాలి. ఫోమ్ ఎక్కించినా, దళసరి సీటు కవరు బిగించి కుట్టినా దాని దారి మూసేసినట్టే.


బెజవాడ డీజిల్

అన్నా, ఇంత ఓపికగా రాసినందుకు కృతజ్ఞతలు. పర్సు కుడి జేబులోనే ఉంటుంది. మీరు చెప్పాక కూర్చుని చూస్తే తుంటి ఎత్తు తేడా నాకే తెలిసింది. బకిల్ కూడా చూశాను, సీటు చట్రానికే ఉంది.

ఫోమ్ పనితో ఘాట్‌లో పట్టు చాలినంత దొరుకుతుందా? ఇంకో అనుమానం: నాలుగు కొసల బెల్టు మామూలు బెల్టు కంటే గట్టిది కదా, పాత సీటు ఉంచుకుని అది ఒక్కటీ పెట్టించుకుంటే భద్రత పెరగదా?


ర్యాలీ నావిగేటరు, హైదరాబాదు

బెల్టు గురించి నేను చెబుతాను, ఎందుకంటే నేను ఏళ్ల తరబడి అందులో కట్టుకుని కూర్చున్నవాణ్ణి. వద్దు. దయచేసి వద్దు.

రేసు కారులో సీటు, బెల్టు, పంజరం (బోల్తా పడినా పైకప్పు అణగకుండా లోపల బిగించే ఉక్కు గొట్టాల చట్రం), హెల్మెట్, మెడకు కట్టే పరికరం అన్నీ కలిసి పని చేస్తాయి. అందులోంచి ఒక్కటి పీకి రోడ్డు కారులో పెడితే మిగతావి లేని లోటు మీ ఒంటి మీద పడుతుంది. భుజాలను సీటుకు కట్టేశాక కారు బోల్తా పడి పైకప్పు అణిగితే మామూలు బెల్టులో ఒళ్లు పక్కకు ఒరుగుతుంది. రేసు బెల్టులో ఒరగదు, పైకప్పు తల మీదికే వస్తుంది. అందుకే పంజరం లేని కారులో దాన్ని కట్టుకోకూడదు.

వెనక సీటు బెల్టు బోల్టులకు భుజం పట్టీలు కట్టడం ఇంకా చెడ్డది. భుజం పట్టీ వీపు పైఅంచు నుంచి వెనక్కి పోయేటప్పుడు 45 డిగ్రీలకు మించి కిందికి దిగకూడదని అంతర్జాతీయ మోటారు క్రీడల సమాఖ్య, అంటే ఎఫ్‌ఐఏ, నిబంధన. స్విఫ్ట్ లాంటి పొట్టి కారులో వెనక సీటు అడుగుకు కడితే అది చాలా నిటారుగా దిగుతుంది. గుద్దుకున్న క్షణంలో ఆ పట్టీ మిమ్మల్ని వెనక్కి పట్టుకోవడంతో పాటు భుజాలను కిందికి తొక్కుతుంది, వెన్నుపూసలు నలుగుతాయి. పైగా కాళ్ల మధ్య నుంచి వచ్చే ఐదో పట్టీ లేకపోతే భుజం పట్టీలు బిగించినకొద్దీ నడుము పట్టీ పొట్ట మీదికి ఎక్కుతుంది. మనిషి బెల్టు కిందుగా ముందుకు జారిపోతాడు. పై అన్నయ్య చెప్పిన పేగుల సంగతి ఇక్కడ కూడా అదే.

సీటు కొనేవాళ్ల కోసం ఒక మాట. నిజమైన రేసు సీటు మీద ఎఫ్‌ఐఏ ముద్ర ఉంటుంది, దాని మీద 8855-1999 లేదా 8862-2009 వంటి సంఖ్య, తయారైన తేదీ ఉంటాయి. మొదటి రకానికి గడువు 5 సంవత్సరాలు, రెండో దానికి 10. అదే సమాఖ్య సీటు బిగింపులకు 8 మిల్లీమీటర్లకు తక్కువ కాని బోల్టులు, కింద 3 మిల్లీమీటర్ల ఉక్కు పలక, ఒక్కో పలకకు కనీసం 40 చదరపు సెంటీమీటర్ల ఆనిక అడుగుతుంది. రూపాయి బిళ్ల అంత వాషరుతో బిగిస్తామనే వాళ్లకు ఈ అంకెలు చూపించండి. ముద్ర లేని ఫైబర్ డొప్ప చూడటానికి అలాగే ఉంటుంది, ఎంత బరువుకు పగులుతుందో ఎవరూ పరీక్షించి ఉండరు.

ఘాట్ పట్టు గురించి: తొడల పక్కల పట్టు దొరికితే మీకు చాలు. రోడ్డు మీద అంతకు మించి అవసరమయ్యే వేగంలో మలుపు తిరగకూడదు కూడా. శ్రీశైలం దారిలో ఎదురుగా బస్సులు వస్తుంటాయి.


స్టుట్‌గార్ట్ నుంచి

నేను తెనాలి వాణ్ణి, ఇక్కడ జర్మనీలో కార్ల విడిభాగాల పరీక్షల విభాగంలో పని చేస్తున్నాను. బిగింపుల బలం గురించి ఒక అంకె చెబితే అందరికీ అర్థమవుతుంది. బెల్టు బిగింపులకు సంబంధించి ఐక్యరాజ్య సమితి 14వ నంబరు నిబంధన ఉంది. కారు పరీక్షకు వచ్చినప్పుడు నడుము పట్టీని, భుజం పట్టీని ఒక్కొక్కదాన్ని 13.5 కిలోన్యూటన్ల బలంతో ఒకేసారి లాగుతారు. అంటే ఒక్కో పట్టీకి సుమారు 1,375 కిలోల బరువు. బెల్టు బిగింపు సీటు మీద ఉంటే సీటు బరువుకు 20 రెట్ల బలం అదనంగా కలుపుతారు. బకిల్‌ను సొంత పట్టీకి తగిలించినప్పుడు మీరు ఆ పట్టీని ఇంత బలానికి నిలబడమని అడుగుతున్నారన్నమాట.

ఇక్కడ సీటు మార్చుకోవచ్చు, చట్టం అడ్డుపడదు. కానీ సీటుకూ, ఆ కారుకు సరిపోయే బ్రాకెట్‌కూ పరీక్ష పత్రం ఉండాలి. లేకపోతే కారు నడిపే అనుమతే రద్దు కావచ్చు. అందుకే ఇక్కడి వాళ్లు సీటు ధర కంటే ముందు పత్రం అడుగుతారు. మన దగ్గర దొరికే చాలా సీట్ల మీద పెద్ద కంపెనీల పేర్లు కుట్టి ఉంటాయి, ముఖ్యంగా రెకారో, బ్రైడ్. పేరు కుట్టడం తేలిక. సీరియల్ నంబరు, పరీక్ష ముద్ర లేని సీటును ఆ పేరుకు ఇచ్చే ధరకు కొనవద్దు.

మన చట్టం సంగతి: మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా అయ్యేలా బండిని మార్చకూడదు. 2019 సవరణ తర్వాత అనుమతి లేని మార్పుకు యజమానికి ఆరు నెలల వరకు జైలు లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. వెనక సీటు తీసేసి రేసింగ్ బెల్టు కడ్డీ పెట్టించుకుంటే ఆర్‌సీలో ఉన్న సీట్ల సంఖ్యే మారిపోతుంది, అది నేరుగా ఇందులోకి వస్తుంది. ఏ మార్పు చేయించినా పని మొదలుపెట్టే ముందే బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేసి, జవాబు కూడా రాతలోనే తీసుకోండి.

సీటులో ఎయిర్‌బ్యాగు ఉన్న కార్లవాళ్లకు కూడా ఒక హెచ్చరిక. సీటు తీసేశాక ఎయిర్‌బ్యాగు దీపం వెలగకుండా పసుపు కనెక్టరులో చిన్న రెసిస్టరు గుచ్చే పనివాళ్లున్నారు. దీపం ఆరిపోతుంది, పక్క నుంచి గుద్దినప్పుడు కాపాడాల్సినది మాత్రం అక్కడ ఉండదు. ఆ కారును తర్వాత కొనేవాళ్లకు ఆ సంగతి తెలియను కూడా తెలియదు. ఇది నాకు చాలా కోపం తెప్పించే విషయం.


బెజవాడ డీజిల్

అందరికీ ధన్యవాదాలు. బకెట్ సీట్ల ఆలోచన, రేసింగ్ బెల్టు ఆలోచన రెండూ మానుకున్నాను. పర్సు తీసేసి, సీటు ఒక గాడి ముందుకు, వీపు కొంచెం నిటారుగా పెట్టుకుని మొన్న హైదరాబాదు వెళ్లాను. తొడ వెనక లాగడం తగ్గింది, నడుము నొప్పి మాత్రం నకిరేకల్ దగ్గర మొదలైంది. కాబట్టి డ్రైవరు సీటుకు ఫోమ్ పని చేయిస్తాను, గుడ్డ కవరే. అమ్మ సీటు ముట్టుకోను. పని జరిగేటప్పుడు దగ్గరుండి గమనించాల్సినవి ఇంకా ఏమైనా ఉంటే చెప్పండి.


సీట్ల పనివాడు, ఆటోనగర్

మంచిది తమ్ముడూ. సీటు కారులోంచి దించేముందు తాళం తీసేసి, బ్యాటరీ నెగటివ్ తీగ విప్పించి, కొన్ని నిమిషాలు ఆగమనండి. సీటు కింద వైరు లాగకుండా కనెక్టరు గుబ్బ నొక్కి విడదీయాలి. కవరు కట్టే ఇనుప రింగులు మళ్లీ అదే గాడుల్లో పడాలి, లేకపోతే నడుము దగ్గర గుడ్డ ఎత్తుగా లేచి మీరు చేయించిన ఆకారం కనబడదు. వీపు పక్కలను మరీ ఎత్తుగా పెట్టించుకోవద్దు, ఎక్కి దిగేటప్పుడు తలుపు వైపు అంచు ఒరుసుకుని ముందు అదే చిరుగుతుంది. ఆ అంచుకు రెండు పొరల గుడ్డ అడగండి.

సీటు తిరిగి ఎక్కించేటప్పుడు నాలుగు బోల్టులూ ముందు చేత్తో తిప్పి గాడిలో పడ్డాయని చూశాకే పానా వేయాలి. ఎంత బిగించాలో కంపెనీ వర్క్‌షాపు మాన్యువల్‌లో ఉంటుంది, టార్క్ రెంచి ఉన్న షెడ్డులో బిగించమనండి. బెల్టు పెట్టుకుని గట్టిగా లాగి చూడండి, సీటును ముందుకూ వెనక్కీ జరిపి రెండు పట్టాలూ ఒకేసారి లాక్ అవుతున్నాయో లేదో చూడండి. ఒక హైదరాబాదు ప్రయాణం అయ్యాక ఆ నాలుగు బోల్టులను మరోసారి సరిచూపించుకోండి. కొత్త ఫోమ్ మొదటి నెలలో కొంచెం దిగుతుంది. అప్పుడు నడుము దగ్గర ఖాళీ అనిపిస్తే కవరు విప్పి ఇంకో పొర వేయించుకోవచ్చు, దానికి వేరే డబ్బు అడగకుండా ముందే మాట్లాడుకోండి.